దిగులుకు తోడుగా ఏ జీవి? ఒక రేగొండ పశువైద్యుడి అనుభవ పాఠాలు

రేగొండ చుట్టుపక్కల పశువుల దవాఖానల్లో పనిచేసి రిటైరయ్యాను. బర్రె ఈనలేకపోయినా, మేకకు పారుడు తగిలినా జనం ఇప్పటికీ ఇంటికే వస్తారు. కొన్నేళ్లుగా ఇంకో రకం ప్రశ్న కూడా పట్టుకొస్తున్నారు. పట్నంలో చదివే బిడ్డ కోసమో, హనుమకొండలో అద్దెకుండే కొడుకు కోసమో, డాలస్‌లో ఉన్న మనవరాలి కోసమో పెద్దవాళ్లు అడుగుతారు. "డాక్టర్ సాబ్, పిల్లకు మనసు బాగుంటలేదు. చిలుకను పెట్టుకుంటే జర నిమ్మళంగ ఉంటున్నది. ఇంటి ఓనరేమో వద్దంటున్నడు. అది ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ అని మీరొక కాగితం రాసిస్తే అయిపోతది గదా!"

కుక్క గురించో పిల్లి గురించో అయితే నా దాకా రారు. చిలుక, తాబేలు, కుందేలు, ఇగువానా, మేకపిల్ల వంటివి అయితేనే వస్తారు. వాళ్లకు విడివిడిగా చెప్పినవే ఇక్కడ వరసపెట్టి రాస్తున్నాను.

1. ఊరట నిజం. దాన్ని చూసి నవ్వొద్దు.

మా వైపు పత్తి, మిరప వేసి అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. అలాంటి ఒక ఇంట్లో మగమనిషి పురుగుల మందు తాగి పోయాడు. భార్య ఆ తర్వాత నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదు. వండిపెట్టినా తినేది కాదు. ఆ చలికాలంలో వాళ్ల మేక ఈని చచ్చిపోయింది. పిల్ల మిగిలింది. సీసాతో పాలు పట్టాలి, అదీ రాత్రి కూడా. అత్త ముసలిది, పిల్లలు చిన్నవాళ్లు. పాలు పట్టే పని ఆమె మీదే పడింది. మేకపిల్ల అరిస్తే లేచేది, వేడినీళ్లలో సీసా కడిగేది, ఒళ్లో పెట్టుకుని పట్టేది. ఆమె నోట మొదట మాట వచ్చింది ఆ మేకపిల్లతోనే. కొన్నాళ్లకు దానికి మేత కోసం కంచెకు వెళ్లడం మొదలైంది. అక్కడ నలుగురు ఆడవాళ్లు కలిశారు.

ఆ మేకపిల్ల ఏమీ ఎరగదు. ఆకలేస్తే అరిచింది, అంతే. కానీ ఆమె రోజుకు ఒక వేళ ఏర్పడింది, ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఏర్పడింది, వెచ్చగా చేతికి తగిలే ఒళ్లు ఒకటి దొరికింది. చదువుకున్నవాళ్లు దీన్ని ఆలస్యంగా గుర్తించారు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మానసిక నిపుణుడు, తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు దాని దగ్గరికి రావడం గమనించి, 1960ల మొదట్లో దాని మీద రాశాడు. అప్పుడు సాటి నిపుణులే ఆయన్ని చూసి నవ్వారట. ఇప్పుడు ఆయన్నే ఆ మార్గానికి ఆద్యుడంటున్నారు. కాబట్టి "మేకతోని మాట్లాడుతున్నది, పిచ్చి లేసింది" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

2. వింతదా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు.

రేగొండలో మేకను ఇంట్లో కట్టేసుకుంటే ఎవరూ తిరిగి చూడరు. అదే మేక ఉప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకు వెళ్తే వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ దాకా అందరూ గుమిగూడతారు. మేక మారలేదు, చుట్టూ ఉన్న చోటు మారింది. అందుకని "అందరూ పెంచేది కాదు కదా" అనే కారణంతో ఏ జీవినీ నేను కాదనను.

నేను అడిగేది ఇంకొకటి. ఈ జాతి మనిషి దగ్గర బతకడానికి ఎన్ని తరాలుగా అలవాటు పడింది? మేక మనిషి చేతికి వచ్చి పదివేల ఏళ్లు అవుతోంది. మనిషి అడుగుల చప్పుడు వింటే దానికి మేత గుర్తుకొస్తుంది. అడవి నుంచి నిన్న పట్టుకొచ్చిన ప్రాణికి అదే చప్పుడు వింటే చావు గుర్తుకొస్తుంది. మన దుఃఖం తీర్చుకోవడానికి ఇంకో ప్రాణిని భయంలో ఉంచే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. మిగతా పాఠాలన్నీ ఇందులోంచి వచ్చినవే.

3. చిలుక గురించి.

ఎక్కువమంది అడిగేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మన రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. మన దేశపు పక్షుల వ్యాపారాన్ని 1990 దశకం మొదట్లోనే నిషేధించారు. 2022లో చట్టాన్ని సవరించి మామూలు జరిమానా పరిమితిని 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచారు. జైలు శిక్ష ఎలాగూ ఉంది. "సంతల డబ్బులిచ్చి కొన్న సార్, దొంగతనం చెయ్యలే" అంటారు. డబ్బులిచ్చి కొన్నా అంతే. దాన్ని ఏ డాక్టరు కాగితమూ మార్చలేదు, నాదైనా, మనసు డాక్టరుదైనా.

చట్టం పక్కనపెట్టి పక్షి సంగతి చూడండి. చిలుకలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. సంతకొచ్చే పిల్లలు ఆ తొర్రల్లో చేయి పెట్టి లాగినవి, ఈకలు కూడా సరిగా రానివి. దారిలో చచ్చేవి చస్తాయి, బతికినదాన్ని మనం కొంటాం. పంజరంలో నా దగ్గరికి తెచ్చిన చిలుకల్లో రెండు రకాల బాధలు తరచూ కనిపించేవి. ఒకటి, తన ఈకలు తనే పీక్కుని రొమ్ము బోడిగా చేసుకోవడం. రెండోది, ఏళ్ల తరబడి వడ్లు, పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏమీ పెట్టక విటమిన్ ఏ తగ్గి కళ్లు వాచి, ముక్కు కారడం. అది గుంపులో బతికే పక్షి. మన మక్కచేలమీద వాలేటప్పుడు చూడండి, ఒక్కటిగా ఎప్పుడైనా వస్తుందా? ఒంటరితనంతో బాధపడే పిల్లకు తోడుగా ఇంకో ప్రాణిని ఒంటరిని చేసి తెస్తున్నామన్నమాట. అది "అమ్మా" అని పిలుస్తుంటే మనకు ముద్దొస్తుంది. గుంపు లేని చోట, ఉన్న మనిషినే గుంపు అనుకుని దానికి చేతనైన పిలుపు పిలుస్తోంది.

మకావ్ లాంటి విదేశీ చిలుకల సంగతి వేరు. వాటిలో చాలా జాతులు వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అలాంటివి ఇంట్లో ఉంటే పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరి చివర్లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పెద్ద మకావ్ యాభై ఏళ్లు కూడా బతుకుతుంది. ఇరవై ఏళ్ల పిల్ల దిగులు కోసం తెచ్చిన పక్షిని ఆ పిల్ల డెబ్బై ఏళ్లదాకా సాకాలి. ఇంకో మాట, చిలుకల రెట్ట దుమ్ముతో మనుషులకు ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. పంజరం శుభ్రం చేసినవాళ్లకు జ్వరం, పొడిదగ్గు వస్తే డాక్టరుకు పక్షి సంగతి తప్పకుండా చెప్పాలి.

చిలుక కావాలనుకునేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే. వాకిట్లో వేపచెట్టుకో గోడ మీదో మట్టి మూకుడులో నీళ్లు, ఇన్ని గింజలు పెట్టండి. రోజూ ఒకే వేళకు పెట్టండి. వారం పది రోజుల్లో మీ వేళ వాటికి తెలిసిపోతుంది. దసరానాడు పాలపిట్టను చూడటానికి మన పెద్దలు ఊరవతలికి పోయేవాళ్లు. అది చేను మీద ఎగురుతుంటే చూసి దండం పెట్టుకుని, జమ్మి తెచ్చుకునేవాళ్లు. తర్వాత తర్వాత పట్నాల్లో దాన్నే పంజరంలో పెట్టి, రెక్కలు కట్టి వీధి వీధికీ తిప్పి డబ్బులకు చూపించారు. అలా తిప్పినవాటిలో ఎన్నో చచ్చిపోయేవి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. ఎగురుతున్నదాన్ని చూసినా ఆ పండుగ పుణ్యం తక్కువ కాలేదు. దిగులున్న మనిషికి కూడా ఎగిరే చిలుకల వల్ల ఊరట తక్కువ కాదు.

4. కదలకుండా ఉంది కదా అని సుఖంగా ఉందనుకోవద్దు.

కుందేలును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతారు. అది బిగుసుకుని ఊరికే ఉంటుంది. "ఎంత నిమ్మళంగ ఉన్నదో చూడుండ్రి" అంటారు. వేటాడే జంతువు నోట పడ్డ కుందేలు కూడా అట్లాగే ఉంటుంది. అది భయానికి పరాకాష్ఠ. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో స్టెతస్కోపు పెట్టి వాళ్ల చెవికే వినిపించేవాణ్ని. పైగా కుందేలుకు మన ఎండాకాలం పడదు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం అది వడదెబ్బతో పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

తాబేలుది ఇంకా అన్యాయం. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని, చూస్తుంటే మనసు కుదుటపడుతుందని నక్షత్ర తాబేళ్లను తెస్తారు. తెచ్చి నీళ్ల తొట్టిలో వేస్తారు. అది మెట్ట ప్రాణి. చిత్తూరు, అనంతపురం వైపు ఎండు పొదల్లో గడ్డి తిని, ఎండ కాచుకుని బతికేది. దానికి ఈత రాదు. నీళ్లలోంచి బయటికి రావడానికి గోడ గీకుతుంటే "ఆడుకుంటున్నది" అనుకుంటారు. ఎండ తగలక, సున్నం అందక డొప్ప మెత్తబడుతుంది. దాన్ని పట్టడం, పెంచడం కూడా నేరమే. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధం. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు, బల్లిజాతి జీవులు అసలే వద్దు. వాటి ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా క్రిములు పిల్లలకు విరేచనాలు, జ్వరం తెప్పిస్తాయి.

మరి సుఖంగా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? మేకనూ ఆవునూ అయితే నేను ఒక్కటే చూస్తాను, నెమరు. బెదిరిన పశువు నెమరు వేయదు. మీ పక్కన పడుకుని, కళ్లు సగం మూసి నెమరు వేస్తోందంటే దానికి మీతో ఏ భయమూ లేదు. ఇంకొక పరీక్ష ఉంది. తాడు విప్పండి. వెళ్లిపోయే వీలుండి కూడా మీ దగ్గరికే వస్తుందా? ఆవుకూ మేకకూ కోడికీ కుక్కకూ ఈ పరీక్ష పెట్టొచ్చు. రెక్కలు కత్తిరించిన చిలుకకు పెట్టలేం.

5. మనం లేని రోజు దాని గతి ఏమిటి?

2022లో యుక్రెయిన్ మీద యుద్ధం వచ్చినప్పుడు తెలుగువాళ్లందరూ ఒక డాక్టరు గురించి చదివారు. తణుకు నుంచి వైద్యం చదవడానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో ఒక నల్ల చిరుత, జాగ్వారు-చిరుత సంకరం ఇంకొకటి. చిరంజీవి సినిమాలో చూసి చిన్నప్పుడే ఇష్టం పుట్టిందని చెప్పాడు. విమానాలు పెట్టి మనవాళ్లను తీసుకొస్తుంటే, వాటిని వదిలి రానని సెవెరోడొనెట్స్క్‌లోనే ఉండిపోయాడు. బాంబులు పడుతుంటే నేలమాళిగలో వాటితోనే పడుకున్నాడు. ఆ మనిషి ప్రేమను నేను శంకించను. పిల్లలను వదిలినట్టు ఉంటుందని ఆయన అంటే నమ్ముతాను. కానీ చివరికి ఏమైంది? ఆయన పోలండ్ వెళ్లాల్సి వచ్చింది. చిరుతలు వేరే వాళ్ల చేతిలో వెనకే ఉండిపోయాయి. వాటిని తెచ్చుకోవడానికి సాయం చేయమని ప్రభుత్వాలను వేడుకున్నాడు.

అదే కుక్క అయితే, అదే ఏడాది అదే యుద్ధం నుంచి మన విద్యార్థులు కొందరు కుక్కలను, పిల్లులను చంకలో పెట్టుకుని వచ్చారు. ఇరుగుపొరుగు సాకగలిగే ప్రాణి అయితే మనకు జ్వరమొచ్చినా, జైలొచ్చినా, చావొచ్చినా అది బతుకుతుంది. దిగులు జబ్బు ఉన్నవాళ్లు ఈ మాట ఇంకా ఎక్కువ ఆలోచించాలి. మంచం దిగలేని రోజులు వస్తాయి. ఆ రోజు మేత ఎవరు వేస్తారు? పేరు చెప్పగలిగితేనే తెచ్చుకోండి.

6. దొరికిన పిల్లను ఉంచుకోకుండా ఇచ్చేయాలి.

చేలల్లో ఒక్కోసారి నెమలి గుడ్లు దొరుకుతాయి. తెచ్చి కోడి కింద పొదగేస్తారు. మా దగ్గరి ఊళ్లో ఒక అవ్వ అట్లా పుట్టిన నెమలిని పెంచింది. కొడుకులు సూరత్‌లో, భీవండిలో మగ్గాల మీద ఉంటే, ఆ నెమలి ఆమె కొంగు పట్టుకుని తిరిగేది. జాతీయ పక్షి అది, ఇంట్లో ఉంచకూడదు. అటవీశాఖ వాళ్లు వచ్చి తీసుకుపోయిన రోజు ఆమె ఏడ్చింది. నెమలి కూడా కొన్నాళ్లు మేత ముట్టలేదని విన్నాను.

ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ యువకుడి కొంగ కథ కూడా ఇదే. కాలు విరిగిన సారస్ కొంగను 2022లో బాగుచేశాడు. అది బండి వెనక ఎగురుతూ పోయేది. 2023 మార్చిలో అధికారులు తీసుకెళ్లారు, ఆఖరుకు కాన్పూర్ జూకు చేర్చారు. అతను చూడటానికి వెళ్తే పంజరంలో గంతులు వేసింది. రెండు వైపులా అంత బాధ అవసరమా? దెబ్బ తగిలిన అడవి ప్రాణి దొరికిన రోజే అటవీశాఖకు చెప్పండి. మనకు దగ్గర్లో హనుమకొండలో కాకతీయ జంతు ప్రదర్శనశాల ఉంది. పిల్లగా ఉన్నప్పుడే వదిలేస్తే అది తిరిగి తన గుంపులో కలుస్తుంది. మనిషికి అలవాటు పడ్డాక ఇక అడవికీ పనికిరాదు, ఇంటికీ పనికిరాదు.

7. కాగితం గురించి.

ఈ కాగితాల అలవాటు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. చూపు లేనివాళ్లకు దారి చూపడం, మూర్ఛ వచ్చేవాళ్లకు సాయం చేయడం వంటి పని నేర్పిన కుక్క ఒకటి. 2011లో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం బహిరంగ స్థలాల్లో ఆ హక్కు కుక్కకే, కొన్ని సందర్భాల్లో చిన్నజాతి గుర్రానికి. ఊరికే దగ్గరుండి ఊరటనిచ్చే జంతువు రెండోది. దానికి అద్దె ఇళ్ల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. అయితే 2020లో అక్కడి గృహశాఖ ఇచ్చిన సూచనల్లో, మామూలుగా ఇంట్లో పెంచని జంతువు అయితే అదే ఎందుకు కావాలో అడిగినవాళ్లే గట్టిగా నిరూపించుకోవాలని చెప్పారు. 2018 జనవరిలో నూవర్క్ విమానాశ్రయానికి ఒకామె నెమలిని తెచ్చి, దానికి టికెట్ కూడా ఉందంటే విమానం వాళ్లు ఎక్కనివ్వలేదు. పందులు, బాతులు, నెమళ్లు వచ్చి వచ్చి చివరికి 2021 నుంచి, ఊరట జంతువులను మామూలు పెంపుడు జంతువుల్లాగే చూడటానికి విమాన సంస్థలకు అనుమతి ఇచ్చేశారు. ఇందులో నిజంగా నష్టపోయింది శిక్షణ పొందిన కుక్కతో తిరిగే చూపులేనివాళ్లు. వాళ్లను కూడా జనం అనుమానంగా చూడటం మొదలైంది.

మన దేశంలో ఊరట జంతువుకు ప్రత్యేక చట్టం లేదు. కుక్క, పిల్లి లాంటి పెంపుడు జంతువును అపార్ట్‌మెంట్ సంఘం నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి ఏ మానసిక కారణమూ చూపనక్కర్లేదు. కాబట్టి మామూలు పెంపుడు ప్రాణికి కాగితం అవసరం లేదు, అడవి ప్రాణికి కాగితం పనికిరాదు. పశువైద్యుడిగా నేను రాసివ్వగలిగింది టీకాలు వేసినట్టు, ఆరోగ్యంగా ఉన్నట్టు మాత్రమే. అది అడిగినవాళ్లకు సంతోషంగా రాసిచ్చాను.

8. ప్రాణి తోడు ఉంటుంది, వైద్యం చేయదు.

నిద్రపట్టకపోవడం, చావాలనిపించడం వంటివి ఉంటే ముందు మనసు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వరంగల్ ఎంజీఎంలో ఆ విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా. పశువుకు బాగాలేకపోతే 1962. ఈ రెండు నంబర్లూ గోడ మీద పక్కపక్కనే రాసుకోండి.

9. మేక అయితే, మొక్కు సంగతి ముందే తేల్చుకోండి.

బయటివాళ్లకు తట్టనిది, మన దగ్గర అన్నిటికన్నా బరువైనది ఇది. మన ఇళ్లల్లో మేక ఉత్త మేక కాదు. దసరా వస్తుంది, సమ్మక్క జాతర వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది. ఒక ఇంట్లో పదో తరగతి పిల్ల మాట తగ్గి, బడి మానేసి కూర్చుంది. మేకపిల్లతో తిరిగి, మందులు వాడి, నెమ్మదిగా బడికి పోవడం మొదలుపెట్టింది. ఆ మేకనే తండ్రి "బిడ్డ బాగయితే నీకు ఇస్తా తల్లీ" అని మేడారం అమ్మలకు మొక్కాడు. ఏ మేక వల్ల బిడ్డ బాగయిందో ఆ మేకనే. ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు, నమ్మకం అలాంటిది. పిల్లకు తెలిసిన రోజు మళ్లీ అన్నం మానేసింది.

నన్ను పిలిచారు. దేవుడి మాటల్లో వేలు పెట్టడం నా పని కాదు. కానీ ఇంట్లో ముసలమ్మ ఉంది, ఆమెనే అడిగాను. "అవ్వా, అమ్మలకు బంగారం కూడా ఇస్తరు గదా?" అన్నాను. మేడారంలో బంగారమంటే బెల్లమని అందరికీ తెలుసు. మనిషి బరువుకు సమానంగా తూచి గద్దెల దగ్గర సమర్పిస్తారు. ముసలమ్మ చాలాసేపు ఆలోచించింది. "మాట ఇచ్చినం బిడ్డా, మాట తప్పొద్దు. ఇంకో రూపంల తీర్చుకుంటమని అమ్మలకు చెప్పుకోవాలె" అంది. కొడుకుతో ఆమెనే మాట్లాడింది. జాతరలో పిల్లను తక్కెట్లో కూర్చోబెట్టి ఆమె ఎత్తు బెల్లం ఇచ్చారు.

ఊరట కోసం పెంచే మేకను ఇంటిల్లిపాది ముందే కూర్చుని వేరుగా పెట్టుకోవాలి. ఇది అమ్మేది కాదు, కోసేది కాదు, మొక్కేది కాదు అని పెద్దవాళ్ల నోట అనిపించాలి. చెవికి ఒక గుర్తు కట్టాలి. వానలు పడకముందే చిటుకు రోగానికి టీకా వేయించాలి, పీపీఆర్ టీకా వేయించాలి, నట్టల మందు వేళకు తాగించాలి. ఒక్క మేక ఒంటిగా ఉండలేదు, దానికి ఇంకో మేక తోడు కావాలి. రెండింటికీ రాత్రి తడి తగలని చోటు చూడండి.